రూతు పెట్టిన సంతకం

మొయినాబాద్, మంగళవారం రాత్రి

ఇన్నేళ్లు నేను చెప్పిన చరిత్ర కోర్సును యూనివర్సిటీ ఎత్తేసింది. మిగిలిన ముగ్గురు పిల్లలనూ బీబీఏలోకి మార్చమని డీన్ ఫారాలు ఇచ్చాడు. ఇద్దరు వెంటనే సంతకాలు పెట్టారు. పక్క పల్లె హిమాయత్‌నగర్ నుంచి వచ్చే రూతు మాత్రం పెన్ను తీయలేదు.

“సార్, మా ఊరి చర్చి ఎట్ల కట్టిన్రో ముసలోళ్లను అడిగి రాస్తున్న గద. సగం అయింది. ఇగ అది ఎవరికి చూపియ్యాలె?”

“నాకే చూపియ్యమ్మా. నేను ఈడనే ఉంట.”

“బీబీఏల మీరేం చెప్తరు సార్?”

“ఇంటర్వ్యూల ఎట్ల మాట్లాడాల్నో చెప్త. నిన్ననే ఒప్పుకున్న.”

రూతు పెన్ను తీసింది. “మీరే ఒప్పుకున్నంక నేనెంత సార్,” అని సంతకం పెట్టేసింది.

ఆ మాట కోపంగా అన్నా బాగుండేది.