ఇద్దరూ ఇద్దరే

డిసెంబరు 11

ఫొటో స్టూడియో ఫిర్యాదుల గుమాస్తా గారికి,

నమస్కారమండీ. మీ కౌంటర్లో అమ్మాయి నోటిమాటలు వినదట. "ఏదున్నా రాసి ఆ డబ్బాలో వెయ్యండి" అంది. అందుకని రాస్తున్నా. నేను ఎనిమిదో క్లాసులోనే బడికి దణ్ణం పెట్టేసినోణ్ణి. లిఫ్టులు బాగుచేస్తా. అక్షరాలు పైకీ కిందకీ పోతుంటే అది వృత్తి దోషం అనుకోండి.

పోయిన ఆదివారం మేం క్రిస్మస్ ఫొటోకి వచ్చాం. నేను, మా ఆవిడ, మా ఐదు నెలల ఆడపిల్లలిద్దరూ. ఇద్దరు పిల్లల బండి మీ తలుపులో పట్టలేదు. దాన్ని విప్పి, మడిచి, లోపల మళ్ళీ బిగించా. దూది మంచు, చెక్క జింక, గడ్డం సగం ఊడిన క్రిస్మస్ తాత, అంతా బాగుంది. మా ఆవిడ ఒళ్ళో ఒకత్తి, నా ఒళ్ళో ఒకత్తి. ఇది నవ్వితే అది ఏడ్చింది, అది ఆపితే ఇది మొదలెట్టింది. మీ ఫొటోగ్రాఫరు గంటలు ఊపాడు, కుక్కలా మొరిగాడు, ఆఖరికి నేలమీద పడుకున్నాడు. అప్పుడు ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

నిన్న ఫొటో వచ్చింది. అందులో ఒకే పాప ఉంది.

మా ఆవిడ ఒళ్ళోది అలాగే ఉంది. నా ఒళ్ళోది లేదు. నేను మాత్రం రెండు చేతులూ చుట్టి, మెడ వంచి, ఖాళీ గాలిని తెగ ముద్దు చేస్తున్నా. ఇరవై నాలుగో తారీకు మా అత్తయ్య వస్తోంది. ఆవిడకి నామీద మొదట్నుంచీ ఒక్కటే అనుమానం. "బడి మానేసినోడు రెండు దాకా లెక్కపెట్టగలడా?" అని. ఈ ఫొటో చూస్తే ఇంక రుజువులు వెతుక్కోనక్కర్లేదు ఆవిడ. దయచేసి ఇద్దరూ ఉన్న ఫొటో పంపండి.

ఇట్లు,
ఒక బిడ్డ తక్కువైన తండ్రి

తా.క. జింక పూర్తిగా వచ్చింది. నాలుగు కాళ్ళూ ఉన్నాయి. లెక్కపెట్టా.

—

డిసెంబరు 13

గౌరవనీయులైన కస్టమరు గారికి,

తమ లేఖ అందినది. తమరు దీనిని ఫిర్యాదుగా రాయడం మాకు ఆశ్చర్యం కలిగించింది. ఎందుకంటే ఇది మేము తమకు చేసిన మేలు.

మా టచింగ్ మాస్టారుకు ఈ పనిలో ముప్పై ఏళ్ళ అనుభవం. మొహం మీద మొటిమ గానీ, చొక్కా మీద మరక గానీ ఆయన కంటబడి బతికి బయటపడలేదు. తమ ఫొటోలో ఒకే పాప రెండు చోట్ల పడినట్లు ఆయన వెంటనే గుర్తించారు. అదే ముక్కు, అదే గౌను, అదే బోసినవ్వు. కెమెరా లోపం వల్ల ఇలా జరుగుతుంది. అదనంగా పడిన పాపను ఆయన ఎంతో నేర్పుగా, ఒక్క గీత కూడా మిగలకుండా తుడిచివేశారు. ఈ సేవ ఉచితం.

తమ సంతోషమే మా సంతోషం.

ఇట్లు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క. ఫొటోలో తమరు నోరు తెరుచుకుని ఉన్నారు. అది కూడా మూయించాం.

—

డిసెంబరు 14

గుమాస్తా గారికి,

మీ మేలు చూసి కళ్ళు చెమర్చాయండీ. నా పెళ్ళాం మూడేళ్ళుగా మూయించలేని నోరు మీ మాస్టారు ఒక్క పూటలో మూయించారు. ఆయనకి శాలువా కప్పాలి, వీలైతే మొహం మీద కూడా.

అయ్యా, కెమెరాలో లోపం లేదు. ఉంటే గింటే నాలోనే ఉండాలి. వాళ్ళు కవలలండీ! పదకొండు నిమిషాల తేడాతో పుట్టారు. ముందొచ్చింది పెద్దది, తర్వాతొచ్చింది చిన్నది. మొహాలు చూస్తే జిరాక్సు తీసినట్టుంటారు గానీ, అల్లరిలో మాత్రం ఇద్దరూ ఇద్దరే.

నిన్న సాయంత్రం క్రిస్మస్ చెట్టు నిలబెట్టాం. డబ్బాలోంచి తీసే ప్లాస్టిక్‌ది, కొమ్మకో నంబరు ఉండేది. తొమ్మిదో కొమ్మ ఎప్పుడో పోయింది. ఆ బోడి వైపుని గోడకి తిప్పాం. మా ఆవిడ కేకుల కొట్లో క్రీముతో పూలు పెడుతుంది. ఈ నెలంతా ఆమెకి ఊపిరాడదు. నిన్నొక్క సాయంత్రం దొరికింది. పాటలు పెట్టుకుని నేను దీపాల తీగ చుడుతున్నా, ఆమె నక్షత్రాలు కడుతోంది. పిల్లల్ని దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టాం. ఒకత్తి కాగితం నక్షత్రాన్ని మూడు కొనలదాకా తినేసింది. రెండోది తీగ పట్టుకుని లాగింది. పది అంతస్తుల లిఫ్టుని పడకుండా ఆపే నేను, ఐదడుగుల చెట్టుని ఆపలేకపోయా. నెత్తిమీదే పడింది. ఇద్దరూ కేరింతలు కొట్టారు.

కాబట్టి మళ్ళీ చెప్తున్నా. ఇద్దరూ ఇద్దరే! ఈసారి ఆ లెక్క చూసుకుని ఫొటో వెయ్యండి.

ఇట్లు,
చెట్టు కింద మనిషి

తా.క. నా నోరు తెరిచే వేయండి. అది మామూలుగా అలాగే ఉంటుంది.

—

డిసెంబరు 17

గౌరవనీయులైన కస్టమరు గారికి,

జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాం. తమ లేఖను మూడుసార్లు చదివాం. తమరు "ఇద్దరూ ఇద్దరే" అని ఒకసారి కాదు, రెండుసార్లు నొక్కి రాశారు. పైగా లెక్క చూసుకోమన్నారు. చూసుకున్నాం. ఇద్దరిలో ఒక్కొక్కరూ ఇద్దరు. వెరసి నలుగురు.

మిగిలిపోయిన పిల్లలందరినీ ఫొటోలో చేర్చాం. ఒకరు అమ్మగారి ఒళ్ళో, ఒకరు తమ ఒళ్ళో, ఒకరు జింక మీద, మరొకరు క్రిస్మస్ తాత సంచిలో. అందరూ ఒకేలా ఉంటారని తమరే రాశారు కనుక, అమ్మగారి ఒళ్ళో పాపనే నాలుగు చోట్లా వాడాం. మాస్టారు రెండు రోజులు భోజనం కూడా టేబుల్ దగ్గరే చేశారు.

తమ కుటుంబానికి ముందస్తు క్రిస్మస్ శుభాకాంక్షలు.

ఇట్లు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క. నలుగురు వస్తే ఇద్దరినే చూసినందుకు ఫొటోగ్రాఫరును గట్టిగా మందలించాం. ఆయన ఇంకా ఇద్దరేనని వాదిస్తున్నారు. మొండి మనిషి.

—

డిసెంబరు 18

గుమాస్తా గారికి,

కవరు విప్పి చూసి కుర్చీలో కూలబడ్డా. మా ఆవిడ కొట్టుకి వెళ్ళిపోయింది కాబట్టి సరిపోయింది. సంచిలోంచి బిడ్డ తొంగిచూడ్డం చూసుంటే, ఆ తాతని కాదు, నన్ను అడిగేది.

అయ్యా, "ఇద్దరూ ఇద్దరే" అంటే ఒకళ్ళని మించి ఒకళ్ళు అని! మీ ఇంట్లో ఆ మాట ఎవరూ అనరా? మీరూ మీ మాస్టారూ కలిసి నడుస్తుంటే వెనకాల ఎవరూ అనలేదా?

సరే. ఇంక దాచి లాభం లేదు. మీరు మనసున్న మనిషనుకుని రాస్తున్నా. ఇది మీ దగ్గరే ఉండాలి.

నాకు మా పిల్లల్లో ఏది పెద్దదో, ఏది చిన్నదో తెలీదు.

మొదట్నుంచీ సాక్సులే నా ఆధారం. ఎర్ర సాక్సులు పెద్దది, పచ్చ సాక్సులు చిన్నది. ఫొటో రోజున మీ కౌంటరు అమ్మాయి, "తెల్ల గౌన్ల మీదకి ఈ రంగులేంటి, విప్పెయ్యండి" అంది. విప్పి జేబులో పెట్టుకున్నా. అప్పటికి గొడవ లేదు. పెద్దదాన్ని మా ఆవిడ ఎత్తుకుంది, చిన్నదాన్ని నేను ఎత్తుకున్నా. ఇంటికొచ్చాక ఆమె డ్యూటీకి పరిగెత్తింది. నేను ఇద్దరికీ స్నానం చేయించి, తువ్వాలు పరిచి పక్కపక్కన పడుకోబెట్టా. సాక్సులు తీశా. చూశా. వాళ్ళూ నన్ను చూశారు. నా బతుకంతా ఆ నాలుగు సాక్సుల్లో ఉంది. దేవుడా అనుకుని తోచినట్టు తొడిగేశా.

మా ఆవిడకి చెప్పలేను. "తల్లికి వాసన చాలు, కళ్ళు కూడా అక్కర్లేదు" అంటుంది ఆమె. అలాంటిదానికి ఈ మాట ఎలా చెప్పను? అత్తయ్య రెండు ఊలు టోపీలు అల్లింది. ఎర్రది పెద్దదానికి, పచ్చది చిన్నదానికి. "అల్లుడి చేతే పెట్టిస్తా" అని కబురు పంపింది. అది ప్రేమ కాదండీ, పరీక్ష. జీవితంలో ఒక్క పరీక్షకీ సరిగ్గా కూచోని నాకు ఇరవై నాలుగున హాల్ టికెట్టు వచ్చింది.

ఒక్క ఆశ ఉంది. స్నానం రోజున చూశా, ఇద్దరిలో ఒకదానికే ఎడమ అరికాల్లో ఆవగింజంత పుట్టుమచ్చ ఉంది. ఫొటోలో మా ఆవిడ ఒళ్ళోదాని కాళ్ళు గౌను కింద దాగాయి. నా ఒళ్ళోది మాత్రం పాదాలు కెమెరాకే చాపింది. అక్కడ మచ్చ కనిపిస్తే మచ్చది చిన్నది, కనిపించకపోతే మచ్చది పెద్దది. అంతే. నా పరువంతా మీరు తుడిచేసిన పిల్ల అరికాల్లో ఉంది.

అందుకని మొదట తీసిన ఫొటోనే పంపండి. పాదాలు నీట్‌గా కనపడాలి. మీకు దణ్ణం పెడతా.

ఇట్లు,
సాక్సుల తండ్రి

తా.క. నిన్న పిల్లల్ని దీపాలు చూపిద్దామని బజారు వీధికి తీసుకెళ్ళాం. ఒకావిడ బండి దగ్గర ఆగి, "అబ్బ, కవలలా! మీరెలా గుర్తుపడతారండీ?" అంది. మా ఆవిడా నేనూ ఒకేసారి నవ్వాం. ఆమె నవ్వు నాకంటే కొంచెం ఎక్కువసేపు నడిచింది.

—

డిసెంబరు 22

గౌరవనీయులైన కస్టమరు గారికి,

తమ లేఖ చదివి మా విభాగమంతా కదిలిపోయింది. విభాగంలో నేనొక్కడినే.

కస్టమర్ల సొంత విషయాలు ఈ టేబుల్ దాటనివ్వం. అది మా నియమం. కాబట్టి తమ సాక్సుల సంగతి గానీ, పుట్టుమచ్చ సంగతి గానీ మాస్టారుకు పొక్కనివ్వలేదు. తమ లేఖలోంచి ఒకే ఒక్క వాక్యం కాగితం మీద రాసి పంపాం. "మొదటి ఫొటో, పాదాలు నీట్‌గా."

ఫొటో సిద్ధమైంది. ఇద్దరు పాపలు, ఎవరి ఒళ్ళో వారు. కానీ దానిని తమకు పంపలేకపోతున్నాం. ఇదే ఆర్డరు నంబరు మీద నిన్న ఒక మహిళ వచ్చి తీసుకువెళ్ళారు. ఆవిడెవరో చెప్పడం మా నియమాలకు విరుద్ధం. మోచేతి దాకా కేకు క్రీము ఉంది, ఇద్దరు పిల్లల బండి తలుపులో ఇరుక్కుంది, అంతవరకే చెప్పగలం.

ఆవిడ కౌంటరు దగ్గర ఏడ్చినంత పని చేశారు. ఫొటో రోజున డ్యూటీ నుంచి వచ్చేసరికి పిల్లల సాక్సులు తడిసి ఉంటే మార్చారట. తర్వాత చూసుకుంటే ఎవరి రంగు ఎవరికి తొడిగారో తెలియలేదట. ఫొటోలో అరికాలి మచ్చ చూసుకుంటే తేలిపోతుందట. "మా ఆయన చటుక్కున గుర్తుపట్టేస్తారండీ. తల్లినై ఉండి నేనే మర్చిపోయానంటే ఆయన మొహం ఎలా చూడను? దయచేసి ఆయనకు చెప్పొద్దు" అన్నారు. చెప్పబోమని మాట ఇచ్చాం. చెప్పలేదు. రాశాం.

మా లెక్క ప్రకారం తమరొకసారి తారుమారు చేసి, ఆవిడొకసారి తారుమారు చేసి ఉంటే, పిల్లలు ఈపాటికి ఎవరి సాక్సుల్లోకి వారు వచ్చేసి ఉంటారు. ఒక్కరే చేసి ఉంటే రాలేదు.

ఇట్లు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క. శుభవార్త. తమ ఒళ్ళో పాప ఎడమ అరికాల్లో ఏదో నల్లటి మరక పడిందట. పాదాలు నీట్‌గా ఉండాలన్నారు కనుక మాస్టారు దాన్ని పూర్తిగా తీసేశారు. ఆ ఫొటోలో ఇంకే మరకా లేదని హామీ ఇచ్చి, అసలు కాపీని కూడా చెరిపేసి, పండగ సెలవు మీద వెళ్ళారు.

—

డిసెంబరు 26

గుమాస్తా గారికి,

మీ శుభవార్త ఇరవై నాలుగు మధ్యాహ్నం అందింది. తా.క. చదివి లేచి గంతేశా. అక్కడ మరక ఉంది అంటే మచ్చది చిన్నదే! తీసేస్తే తీసేశారు గానీ, తీసేశామని రాశారు చూడండి, ఆ ఒక్క గొప్పకి మీ మాస్టారికి శాలువా ఖాయం. ఈసారి భుజాల మీదే.

వంటింట్లోకి వెళ్తే మా ఆవిడ ఆ ఫొటో పెట్టుకుని భూతద్దంతో అరికాళ్ళు చూస్తోంది. నన్ను చూసి గభాల్న రొట్టెల డబ్బాలో దాచింది. నేను మీ ఉత్తరం చేతిలో పెట్టా. చదివింది.

"అయితే నీకు తెలీదా?" అంది.

"నీకు వాసన చాలన్నావు కదే?" అన్నా.

"ఇద్దరికీ ఒకటే పౌడరు కదయ్యా రాస్తున్నావు!" అంది. అంతే, నవ్వు మొదలైంది. నేలమీద కూలబడి నవ్వాం. దుప్పటి మీద వాళ్ళిద్దరూ ఏమైందో ఏమోనని మావైపు చూస్తూ ఉండిపోయారు.

సాయంత్రం నాలుగింటికి అత్తయ్య దిగింది. చెప్పులు కూడా విప్పకుండా సంచిలోంచి రెండు టోపీలు తీసి నాకిచ్చింది. "ఏదీ, పెట్టు అల్లుడూ. ఎర్రది పెద్దదానికి" అంది. నేను దర్జాగా ఇద్దరి ఎడమ కాళ్ళూ ఎత్తి చూశా. మచ్చ లేనిదానికి ఎర్రది, మచ్చ ఉన్నదానికి పచ్చది పెట్టా. జీవితంలో మొదటిసారి పరీక్ష రాసి బయటికొచ్చినంత గాలి పీల్చుకున్నా.

అత్తయ్య ఇద్దర్నీ అటు చూసింది, ఇటు చూసింది.

"ఖాయమేనా?" అంది.

"ఖాయమే అత్తయ్యా. రుజువుంది" అన్నా.

ఆవిడ అప్పుడు చెప్పులు విప్పి, సోఫాలో కూచుని, కళ్ళొత్తుకుంది. "హమ్మయ్య. ఐదు నెలల్నుంచి గుండెల మీద రాయి పెట్టుకున్నట్టుంది బాబూ! ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున స్నానం చేయిస్తానని, పెద్దది చిన్నది అని రాసిన చేతి పట్టీలు విప్పింది నేనే. తర్వాత ఏది ఎవరిదో తెలీక, తోచినట్టు సాక్సులు తొడిగేశా. ఎర్రవి దీనికి, పచ్చవి దానికి. మీరిద్దరూ రుజువుతో చెప్పేదాకా నాకు నిద్రలేదు. అందుకే నీ చేత పెట్టించా నాయనా."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను టేబుల్ మీది ఫొటోలో జింక వైపు చూశా. అదొక్కటే ఆ ఫొటోలో మొదట్నుంచీ సరిగ్గా ఉంది.

ఏం చెప్పను? "ఖాయమే అత్తయ్యా" అన్నా మళ్ళీ. ఆవిడ ఆ రోజు కడుపునిండా కేకు తింది. నిన్న క్రిస్మస్‌కి పిల్లలిద్దరూ టోపీలు ఒకళ్ళవి ఒకళ్ళు లాక్కుని, నోట్లో పెట్టుకుని నమిలారు. ఇప్పుడు ఏ టోపీ ఎవరిదో అని అడగొద్దు.

ఇద్దరూ ఇద్దరే అన్నా కదండీ మీతో. తప్పు లెక్క. మా ఇంట్లో ముగ్గురం ముగ్గురమే.

ఇట్లు,
ఇద్దరు బిడ్డల తండ్రి (ఇంతవరకు గ్యారంటీ)

తా.క. మీ నలుగురి ఫొటోనే ఫ్రేము కట్టించి గోడకి పెట్టాం. అది తప్పనీ, నలుగురూ ఒక్కతేననీ తెలుసు. కానీ అమ్మ ఒళ్ళోది, నా ఒళ్ళోది, జింక మీదది, సంచిలోది, ఎవర్ని చూపించి "ఇదే పెద్దది" అన్నా మా ఇంట్లో కాదనే ధైర్యం ఎవరికీ లేదు.