డైనమో దీపం

అన్నా,

నువ్వు పుంగనూరు రోడ్డులో లారీ కింద పడి చనిపోయి నేటికి ఏడాది. ఈ సాయంత్రం మా మదనపల్లె కాలేజీ ఆవరణలో సైకిలు భద్రత మీద సభ పెట్టారు. ముఖ్య అతిథి ఎవరనుకున్నావు? ఆ లారీ యజమానే!

"ఆ పిల్లోడు లైటు లేకుండా వచ్చినాడప్పా. పడిన సైకిల్లో లైటు వెలగడంలేదని పోలీసులే సూసి రాసినారు" అన్నాడు.

చక్రం ఆగితే డైనమో దీపం ఆరిపోతుందని తెలియని ఘనులు! వీళ్లది అజ్ఞానమంటే ఆ మాటకే అవమానం.

చీకటి పడుతోంది. బాగు చేయించుకుని నేను తొక్కుతున్న నీ సైకిలును వేదిక ముందుకు తెచ్చి, స్టాండు వేసి, పెడలు తిప్పాను. వెలుగు ఆయన ముఖాన పడింది.

"నిలుపమ్మా, కండ్లకు కొడతాండాది!"

"మాయన్న లైటు ఇప్పుడు కనపడతాండాదా సార్?"

ఆయన చేయి అడ్డం పెట్టుకున్నాడు. నేను తిప్పుతూనే ఉన్నాను.

నీ చెల్లి