పెద్దదా? చిన్నదా?

కొండమీద గాలీవానా లెక్కగట్టే మా అమ్మాయికి,

బాబాయి దీవెనలు. నీకు అక్కడ ఫోన్ అందదు కనక ఈ ఉత్తరం. నువ్వు కుట్టుగదిలో పెట్టివెళ్లిన సర్వర్ డబ్బా మొరాయిస్తోంది. దాని వెనక పొడుచుకొచ్చిన పెన్‌డ్రైవ్‌కి నా చీపురు తగిలింది. అప్పట్నించీ ఓసారి లేస్తుంది, ఓసారి లేవదు. ఇంటిల్లిపాదీ దాచుకున్న ఫోటోలూ లెక్కలూ అన్నీ అందులోనే ఉన్నాయి. పోతే నేను పోయినట్టే. ఉపాయం రాయి.

గాబరాగా,
మీ బాబాయి

తా.క. పిన్నితో కరెంటు సరిగా రావట్లేదని చెప్పాను. ఫ్యాన్ మాత్రం గిర్రున తిరుగుతోంది.

---

బాబాయ్,

నమస్కారం. కంగారుపడకు. దాచుకున్నవి పెన్‌డ్రైవ్‌లో లేవు. డబ్బాని నిద్రలేపే సిస్టమ్ ఒక్కటే అందులో ఉంది. పెన్‌డ్రైవ్ అరిగిపోయినట్టుంది. సిస్టమ్‌ని బయటినుంచి లోపలికి మార్చేస్తే సరి.

ప్రేమతో,
అమ్మాయి

తా.క. ఇకమీదట నువ్వు ఊడ్వకు.

---

అమ్మాయీ,

దీవెనలు. లోపలికి మార్చేశాను! స్క్రూలు విప్పి, పెన్‌డ్రైవ్ పీకి, డబ్బాలో ఓ మూల పెట్టి, కదలకుండా ప్లాస్టర్ అంటించి మూత బిగించాను. చీపురు కాదుకదా, చీమ కూడా తగలదు. కాకపోతే ఇప్పుడు అసలు లేవడమే లేదు.

సగం విజయంతో,
బాబాయి

తా.క. ఒక స్క్రూ మిగిలింది. నీకు పంపనా?

---

బాబాయ్,

నీకో దండం. మార్చాల్సింది పెన్‌డ్రైవ్‌ని కాదు, అందులో ఉన్న సిస్టమ్‌ని. పెన్‌డ్రైవ్ మళ్లీ దాని చోట్లో పెట్టు. లేచే దాకా ప్రయత్నించు. లేవగానే తెరమీద "సిస్టమ్ మార్పు" నొక్కు. ఎక్కడికి మార్చాలని అడుగుతుంది. లోపల రెండు డిస్కులున్నాయి. మిగతాది రెండో కాగితంలో చూడు.

(రెండో కాగితం)

పెద్దదాని జోలికి పోకు. దానికి వయసైపోయింది, కదిలిస్తే గరగరమంటుంది. చిన్నది కొత్తది, చప్పుడే చెయ్యదు. ఇకమీదట ఇల్లంతా చిన్నదాని మీదే నడవాలి.

ప్రేమతో,
అమ్మాయి

తా.క. పిన్నికి చెప్పకుండా కానిచ్చెయ్. తెలిస్తే హడలిపోతుంది.

---

అమ్మాయీ,

కొంప మునిగింది. రెండో కాగితం ఒక్కటే పిన్ని చేతిలో పడింది.

"ఎవరా చిన్నది?" అంది.

"కొత్తదేం కాదే, ఎప్పట్నించో ఇంట్లోనే ఉంది" అన్నాను. ఆ ముక్క అనకుండా ఉండాల్సింది. కత్తెర పట్టుకుని గదులన్నీ వెతికింది. బీరువా కూడా తెరిచింది.

"చప్పుడు చెయ్యదటగా! నేను గరగరమంటానా?" అని గరగరలాడుతూనే అడిగింది.

మెట్లమీద కూర్చుని రాస్తున్నాను. తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది.

నీ వల్ల వీధినపడ్డ
బాబాయి

తా.క. "కన్నకూతురిలా చూసుకుంటే అదే సంబంధం కుదిర్చిందా!" అని నిన్నూ తిడుతోంది. పండక్కీ పబ్బానికీ కూడా ఇప్పట్లో రాకు.

---

ఏమే అమ్మాయీ,

పిన్ని రాస్తోంది. భయపడకు, కత్తెర పక్కన పెట్టాను. మీ బాబాయి కిటికీలోంచి మొదటి కాగితం లోపలికి తోశాడు. చదివి, కుట్టుమిషన్‌మీద తల వాల్చి నవ్వీ నవ్వీ, అప్పుడు తలుపు తీశాను.

ఇద్దరం కలిసే చేశాం. చాలాసేపటికి డబ్బా లేచింది. "మార్చమంటారా?" అని తెర అడిగితే మీ బాబాయి వేలు వెనక్కి తీసేసుకున్నాడు. నేనే చిన్నదాన్ని చూసుకుని నొక్కాను. పెన్‌డ్రైవ్ పీకేసి మళ్లీ స్విచ్ వేశాం. డబ్బా దానంతటదే లేచింది!

దాచుకున్నవన్నీ ఉన్నాయో లేదో చూద్దామని, అవి ఉన్న పెద్ద డిస్కు తెరిస్తే, "గడియారాల దుకాణం" అని ఓ ఫోల్డర్ కనపడింది. మీ బాబాయి దుకాణం మరమ్మతు లెక్కలేమో అనుకున్నా. తీరా చూస్తే అన్నీ నా పాటలే! కుట్టుకుంటూ నేను తీసే కూనిరాగాలు. శ్రుతీ లేదు, తాళమూ లేదు.

"ఇవెందుకు?" అంటే, "దుకాణంలో వింటాను. అన్ని గడియారాల చప్పుళ్ల మధ్య నీ గొంతు లేకపోతే చెయ్యి ఆడదు" అని తల దించుకున్నాడు.

నా పాట ఇంకోసారి వినాలని ఇంతవరకూ ఎవరూ అనలేదే. లేచి వెళ్లి కాఫీ పెట్టిచ్చాను.

నీ
గరగరల పిన్ని

తా.క. ఒకదాంట్లో నా పాటకంటే గురక గట్టిగా వినపడుతోంది. రికార్డు నొక్కి అక్కడే నిద్రపోయినట్టున్నాడు. పాట ఉంచి గురక ఒక్కటే తీసెయ్యడం ఎలాగో రాయి. పోనీలే, ఉండనీ.