ముందు మూడు, వెనక ఒకటి

చెల్లాయ్,

నేను కులాసా. తాడు గట్టిదే, అమ్మని బెంగపడొద్దను.

బొమ్మ వెయ్యడానికి, పిట్ట కాలికి వెనకవైపు వేళ్ళెన్నని అడిగావుగా. ముందు మూడు, వెనక ఒకటే. తెలిసిన తీరే బాలేదు. సోమవారం తొమ్మిదో అంతస్తు దగ్గర వేలాడుతూ అద్దాలు తుడిచాను. కిందికి దిగాక, ఒక్క మరక లేదని మేస్త్రీ భుజం తట్టాడు, నేనూ మురిసిపోయాను. అంతలోనే ఓ పసుపు పిట్ట, అద్దంలో కనబడ్డ ఆకాశం నిజమనుకుని దూసుకొచ్చి, టప్పున కొట్టుకుని కింద పడింది. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. వేళ్ళు అప్పుడు లెక్కపెట్టాను. ఈ వారంలో ఏడు పోయాయి. దుమ్ము పట్టిన పక్క బిల్డింగు కింద ఒక్కటీ లేదు. మేస్త్రీకి చెబితే, "పిట్టల సంగతి నీకెందుకు, అద్దం మెరవాలి" అన్నాడు.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నా పాత స్వెట్టర్ పంపు. ఈ కార్డు చదివి వినిపించేటప్పుడు తొమ్మిదో అంతస్తుని ఒకటో అంతస్తు చెయ్యి. మన ముందుగది కిటికీ తుడవకు, దుమ్ము ఉండనీ.

రేపు పదో అంతస్తు తుడవాలి. అమ్మకి దండాలు, నీకు దీవెనలు. బొమ్మలో కాళ్ళు నేను చెప్పినట్టే వెయ్యి. కళ్ళు మాత్రం తెరిచి వెయ్యి.

అన్నయ్య