పొక్లెయిన్ తలుపు అద్దం సంగతి

తిరుపతి,
కార్తీక శుక్రవారం

అన్నకు, నీ పాదాలకు మొక్కి చెల్లెలు సుగుణ రాసే ఉత్తరం.

ఇన్నాళ్లూ వచ్చేపోయే వాళ్లతో మాట చెప్పి పంపుతూ వచ్చాను. ఈ సంగతి మాత్రం ఒకరి నోట పంపేది కాదని కలం పట్టుకున్నాను. మొన్న కొండకు వచ్చిన మునెమ్మత్త మా గదిలో అన్నం తింటూ చెప్పింది: "మీ ఇంటాయన తాగి మిషను అద్దం పగలగొట్టినాడంట గదమ్మే. ఓనరుకు మాటిచ్చి పనిలో పెట్టిస్తినే అని మీ అన్న తల పట్టుకోని కూసోనుండాడు." ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు.

నీ ఒంట్లో ఎలా ఉంది? వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? అమ్మ దగ్గుకు మిరియాల కషాయం మానొద్దు. మేం బాగానే ఉన్నాం. నిజంగానే బాగున్నాం, దిగులుపడొద్దు.

కరకంబాడి రోడ్డులో గది చిన్నదే గానీ వాకిలి తెరిస్తే కొండ కనిపిస్తుంది. అక్కడే నిలబడి దండం పెట్టుకుంటాను. శుక్రవారాలు తిరుచానూరు పోయి అమ్మవారిని చూసి వస్తాను. ఈ నెలంతా ఒకటే వాన, బట్టలు ఆరవు. ఇక్కడి రాగిపిండితో సంగటి ముద్ద కట్టదు. ఆయన పనికి పోయాక గదిలో మాట్లాడే మనిషి ఉండదు. పక్కింట్లో ఒక అరవావిడ ఉంది. ఆమె తెలుగు నాకు సగం అర్థమవుతుంది, నా అరవం ఆమెకు సగం. దాంతోనే పొద్దు పోతుంది.

ఇక అద్దం సంగతి చెబుతాను. ఆయుధపూజ నాడు ఓనరు మిషన్లన్నిటికీ పూజ చేయించాడు. ఈయన నడిపే పొక్లెయిన్‌కు బొట్లు పెట్టే పని నేనే అడిగి తీసుకున్నాను. మన గడపకు పూసినట్టే, డ్రైవరు కూర్చునే క్యాబిన్ తలుపు అంచులన్నిటికీ పసుపూ గంధమూ కలిపి దట్టంగా మెత్తి, కుంకుమ పెట్టాను. రెండు రోజుల తర్వాత పనిలో ఉండగా వాన వచ్చింది. ఆ తలుపులో, గాడి వెంట పక్కకు జరిపే అద్దం ఒకటి ఉంటుంది. మూయబోతే అది కదల్లేదంట. ఈయన అంచుకు పానా ఆనించి తోశారు. అద్దం కలకండ పలుకుల్లా రాలిపోయింది, కుడి అరచెయ్యి కోసుకుంది.

ఓనరు వచ్చి, "పండగ మందు ఇంకా దిగలేదా?" అన్నాడంట. ఈయన, "నాదే తప్పు సారూ, జోరుగా తోసేస్తిని" అని ఊరుకున్నారు. "అద్దం నువ్వే బిగించు. దాన్ని సూసినాక చెప్తా, నిన్ను ఉంచేదా పంపేదా" అని పోయాడంట.

చేతికి కట్టు ఉంది కాబట్టి సాయానికి నేను పోయాను. ముందు అట్ట కత్తిరించి కొలత తీశాం. పైకి కనిపించే సందు కొలిస్తే చాలదు, అద్దం గాడి లోపలికి ఎంత దిగుతుందో అదీ కలుపుకోవాలి. కాల్చి గట్టిచేసిన అద్దం కాబట్టి తర్వాత కోయడానికి లేదు. అది మద్రాసు నుంచి రావడానికి నాలుగు రోజులు పట్టింది.

అద్దం వచ్చాక, పాత రబ్బరు పీకి గాడిని శుభ్రం చేయడానికి కూర్చున్నాను. ఈనెపుల్లతో గోకితే ముందు గాజు పలుకులు వచ్చాయి. వాటి కింద పచ్చగా, రాయిలా గట్టిపడిన ముద్ద. నీళ్లు చల్లితే గంధం వాసన వచ్చింది. నా చెయ్యి ఆగిపోయింది.

"ఒట్టి మట్టేలే, గోకెయ్" అన్నారు ఆయన.

"ఇది నా పసుపు" అన్నాను.

"అద్దం పగిలిన పొద్దే సూసినా. నువ్వు ఊరకుండు. పూజ చేసిన చెయ్యిని సూసి నలుగురూ నవ్వితే నేను సూడలేను."

అన్నా, తాగుబోతు అనిపించుకోవడానికి సిద్ధపడ్డారు గానీ నన్ను నవ్వులపాలు చేయడానికి ఒప్పుకోలేదు.  ఆ ముద్దలు ఏరి చెంగున కట్టుకున్నాను.

కొత్త రబ్బరుకు సబ్బునీళ్లు రాసి గాడిలో కూర్చోబెట్టాం. అద్దాన్ని ముందు పై గాడిలోకి ఎత్తి, తర్వాత మెల్లగా కింది గాడిలోకి దించాలి. ఆయన ఎడమచేత్తో, నేను రెండు చేతులతో, స్వామిని తలచుకుని దించాం. ఒక్క వేలితో తోస్తే జరిగింది.

ఓనరు వచ్చి అటూ ఇటూ జరిపి చూశాడు. "బాగుండాది. ఇకనన్నా తాగి పనికి రావద్దు" అన్నాడు.

నేను ముందుకు వచ్చి చెంగు విప్పాను. "ఆయన తాగలేదు సారూ. గాడిలో పసుపు మెత్తింది నేను. అది గట్టిపడి అద్దాన్ని పట్టుకునింది."

ఓనరు ఒక ముద్ద తీసుకుని వాసన చూశాడు.  తర్వాత, "మా ఇంట్లో కూడా ఇదే కతమ్మా. కారు తాళం సందులో కుంకుమ కూరి పెట్టినారు. అప్పట్నించీ నేను అవతలి తలుపులోనించి ఎక్కి ఇవతలికి జరుగుతాండా" అన్నాడు. ఈయన వైపు తిరిగి, "నోరుండాది గదప్పా నీకు, ఆ పొద్దే చెప్పకూడదా? రేపు పనిలోకి రా" అన్నాడు.

ఇంటికి వచ్చాక ఈయన చెప్పులు విడుస్తూ, "ముప్పై ఏండ్లకి ఒగ మాట మాట్లాడితివి. అదీ నా ఓనరు తోనా?" అని నవ్వారు.

చెయ్యి మానింది. రోజూ పనికి పోతున్నారు. ఇటు వచ్చే వాళ్లెవరైనా ఉంటే వదినకు చెప్పి రెండు శేర్ల రాగిపిండి పంపించు. అమ్మకూ పెద్దనాయనకూ నా దండాలు, వదినకు నా ప్రేమలు. మా ఇద్దరినీ చల్లగా ఉండమని దీవించు.

అన్నా, ఇంకొక్క మాట. అద్దం రాని ఆ నాలుగు రోజులూ ఆయన నాతో అంటూ వచ్చారు: "ఎవురేమన్నా అనుకోనీ. మీ అన్న మాత్రం నమ్మడులే." అందుకే ఈ కాగితాలు నీ దగ్గరే పెట్టుకో, ఎవరికీ చూపొద్దు. నువ్వూ నమ్మినావని ఆయనకు తెలియకూడదు.

నీ చెల్లెలు,
సుగుణ