ఏడో ప్రశ్నకి నా జవాబు

డాక్టరుగారికి,

నమస్కారం. సోమవారం మా పాప గుండె పరీక్షల కాగితాలు మీరు ఓపిగ్గా వివరించారు. ఈసీజీ బాగుంది, స్కానూ బాగుంది. "ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్ళూ లేరు కదమ్మా, బెంగపడకండి, ఆడుకోనివ్వండి" అన్నారు. నేను తలూపాను.

ఫారంలో ఏడో ప్రశ్నకి "లేరు" అని రాసింది నేనే. అలవాటుకొద్దీ చెయ్యి రాసేసింది. అది అబద్ధం.

మా అన్నయ్య పదకొండేళ్ళప్పుడు మెట్లమీద జారిపడి పోయాడని అందరికీ చెబుతాం. వాడు జారలేదు. పట్టుకునే ఆట ఆడుతున్నాం. మెట్లెక్కుతూ ఆగి, గుండెకి పిడికిలి ఆనించి "తూచ్, తూచ్" అన్నాడు. ఓడిపోతున్నప్పుడల్లా ఆట ఆపడానికి వాడు అనే మాటే అది. "తొండి!" అని అరిచి ఇంకా తరిమాను. మరో నాలుగు మెట్లు ఎక్కాడు. పడకముందే కళ్ళు తేలేశాడు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నామీద మాట పడకూడదని జారాడన్న కథ అమ్మే అల్లింది. ముప్ఫై ఏళ్ళు అది నమ్మినట్టే బతికాను.

పరుగు ఆపినప్పుడు మా పాప పిడికిలి కూడా సరిగ్గా అక్కడికే వెళుతోంది.

మీకు నిజం రాసెయ్యనా అని నిన్న అమ్మని అడిగాను. ఆవిడ మడతపెట్టిన దుప్పటే మళ్ళీ విప్పి మడతపెట్టి, "రాసెయ్యవే" అంది.

దయచేసి ఆ కాగితాలు మళ్ళీ చూడండి. అంతవరకూ పాపని పరిగెత్తనివ్వను. ఆ రోజు వాడి తూచ్ నేను వినలేదు. నేను రాసిన "లేరు"కి ఇవాళ తూచ్ చెబుతున్నాను. మీరు వినండి.

ఇట్లు,
పాప తల్లి