అవ్వకు వినపడలేదట

అక్టోబర్ 16
మూడు రోజులుగా వాన. చెరువు నిండి అలుగు పారుతోంది. రేపు కింది వీధి వాళ్లందరినీ స్కూలుకు పంపిస్తారట. పెద్దవాళ్లు నడిచి రావాలి, చిన్న పిల్లలున్న ఇళ్ల ముందు మాత్రం ట్రాక్టర్ ఆపి పిలుస్తారు. పంచాయతీ నుంచి ఫోన్ — "ఆ పిల్లోళ్ల లిస్టు బిరీన కావల్ల మేడం."
అంగన్‌వాడీ హాజరు పుస్తకం చూసి పదకొండు పేర్లు రాసిచ్చాను. పది నిమిషాల పని.

అక్టోబర్ 17
పొద్దున స్కూలు గుమ్మంలో నిలబడి టిక్కులు పెట్టాను. పదకొండుకి పదకొండు.
పంచాయతీ ఆయన అడిగాడు — "అందురూ వచ్చేసినారా?"
"వచ్చేసినారు సార్."
మధ్యాహ్నం కింది వీధి రాధమ్మ, పొద్దున్నే కూలికెళ్లిన పేరేసంద్ర పూలతోట నుంచి తడిసి ముద్దయి, పరుగున… "టీచరమ్మా, నా కూతురు యాడ ఉండాది?"
చేతిలో లిస్టు. భూమిక పేరు లేదు.
వాళ్ల పక్కింటి నాగరాజు నీళ్లలో దిగి వెళ్లాడు. ఇంట్లో మోకాటి లోతు నీళ్లు. రాధమ్మ అత్త బెంచీ మీద నిలబడి ఉందట, పాపను భుజాన వేసుకొని. ఐదేళ్ల పిల్ల, నడవలేదు, మెడ నిలవదు… ఎత్తుకొని నీళ్లలో దిగే శక్తి ఆ ముసలి ప్రాణానికి ఎక్కడిది? పొద్దుటి నుంచీ అలాగే.
పాప పెదవులు నల్లబడ్డాయి. అంబులెన్స్‌లో చిక్కబళ్లాపురం తీసుకెళ్లారు.

అక్టోబర్ 18
రాయాలి. ఇక్కడైనా రాయాలి.
రెండేళ్ల కిందట రాధమ్మ పాపను సెంటర్‌కు తెచ్చింది. "ఈ పాపను నేను చూసుకోలేను, ఇంట్లోనే పెట్టుకో. పౌష్టికం పొడి ఇంటికే పంపిస్తా" అన్నాను. పిల్లలు ఎక్కువయ్యారన్నాను. అబద్ధం. మాటిమాటికీ మూతి తుడవడం నాకు ఇష్టం లేదు. అంతే. పేరు కొట్టేశాను. పొడి కూడా నాలుగు నెలలు పంపి మానేశాను.

అక్టోబర్ 20
ఆస్పత్రికి వెళ్లాను. నెమ్ము చేసింది. ముక్కుకు గొట్టం. నన్ను చూసి నవ్వింది, పిచ్చి తల్లి.
పాప అవ్వ నా చేయి పట్టుకుంది. "వాళ్లు పిలిచింటారు టీచరమ్మా. నాకే ఇనపడల్యా. పాడు చెవులు… పాపను సంపేసుకుంటాంటిని గదమ్మా."
ఎవరూ పిలవలేదు అవ్వా — అనాలి.
"వానలో ఎవరికి వినపడుతుందిలే అవ్వా" అన్నాను.

అక్టోబర్ 24
తాలూకా మీటింగ్. మా ఊళ్లో ఒక్క పిల్లకూ ఏమీ కాలేదట, నా లిస్టు వల్లేనట. చప్పట్లు. లేచి దండం పెట్టాను.

అక్టోబర్ 27
భూమిక ఇంటికొచ్చింది. దగ్గు ఉంది. పుస్తకంలో పన్నెండో పేరు రాశాను. "సోమవారం నుంచి పిలుచుకొని రా రాధమ్మా."
"మీకు కష్టమైతాదేమో టీచరమ్మా."
ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

అక్టోబర్ 29
రాధమ్మ కూలి మానుకొని రేపు అవ్వను చింతామణికి తీసుకెళ్తోంది. చెవులు చూపించడానికి. వీధిలో అందరూ చెవిటిదంటున్నారట. అవ్వే పట్టుబట్టింది — "మళ్లా పిలిస్తే ఇనపడల్ల గదా."

అక్టోబర్ 30
ఏడు గంటల బస్సు. ఆరున్నరకే వెళ్లాను. బస్ స్టాపులో ముగ్గురూ ఉన్నారు.
చెప్పేశాను. నిలబడే. పేరు కొట్టేసిన సంగతి, ట్రాక్టర్ ఆ ఇంటి ముందు ఆగనే లేదన్న సంగతి. పొడి సంగతి కూడా.
తిడతారనుకున్నాను. రాధమ్మ పాప చెవులకు స్కార్ఫ్ సర్దుతూ ఉండిపోయింది, తలెత్తకుండా.
అవ్వ — "అట్లయితే… నా చెవులు బాగానే ఉండాయా తల్లీ?"
"బాగున్నాయి అవ్వా."
బస్సు వచ్చింది. వాళ్లు ఎక్కలేదు. వెళ్లిపోయింది.
రాధమ్మ పాపను ఎత్తుకుంది. సోమవారం పాపను తెస్తుందో లేదో…